ఎంగిలి చెయ్యి చేసిన అఘాయిత్యం

దేవుడు మనిషికి కుడిచెయ్యి ఇచ్చింది అన్నం తినడానికి కాదు. ఫోను పట్టుకోవడానికి!

ఈ మాట అన్నందుకు నేపాల్ కొండల్లో మా ఊరు తాన్‌సేన్ బజారులో నన్ను చూసి నవ్వినవాళ్ళున్నారు. నవ్వనివ్వండి. భూమి గుండ్రంగా ఉందన్నవాణ్ణి చూసీ నవ్వారు. నేను మాత్రం వెనక్కి తగ్గకుండా మా ఊళ్ళో చెంచా ప్రచార సంఘం స్థాపించాను. దానికి అధ్యక్షుణ్ణి నేనే. కార్యదర్శినీ నేనే. సభ్యులు ఇంకా చేరవలసి ఉంది.

అయ్యా, అమ్మా, ఒక్కసారి నిదానంగా ఆలోచించండి. చేత్తో అన్నం కలుపుకున్న మనిషి గతి ఏమిటి? పళ్ళెంలో పప్పు పోసుకుని వేళ్ళు పెట్టాడా, ఇక వాడు ఖైదీ! కుడిచెయ్యి ఎంగిలి. ఆ చేత్తో ఫోను ముట్టుకోలేడు, తలుపు తీయలేడు, జారిన టోపీ సర్దుకోలేడు. గిన్నెలో గరిటె ముట్టుకుంటే గిన్నెడు పప్పూ ఎంగిలి అయిపోతుంది. ఎడంచెయ్యి ఉంది కదా అంటారేమో, పంక్తిలో పెద్దవాళ్ళుండగా ఎడంచెయ్యి గరిటె మీద వేసి చూడండి, తెలుస్తుంది.

మరి ఇంకాస్త అన్నం కావాలంటే? నోరు తెరిచి ఎవరినో అడగాలి! ఆ వడ్డించేవాళ్ళు ఊరికే వడ్డించి పోతారా? పళ్ళెంలోకి తొంగిచూస్తారు. ఈవేళ తినడం లేదేమంటారు. కూర నచ్చలేదా, ఒంట్లో నలతగా ఉందా, ఎవరైనా ఏమైనా అన్నారా అని ఆరా తీస్తారు. గరిటెడు పప్పు కోసం ఒక పౌరుడు తన సొంత విషయాలన్నీ బయటపెట్టుకోవాలా? ఇదెక్కడి న్యాయం?

అదే చెంచా పట్టినవాణ్ణి చూడండి. వాడికి ఒకరితో పని లేదు. వాడి కుడిచెయ్యి గంగంత శుభ్రం. కావలసింది తనే వడ్డించుకుంటాడు, వద్దనుకుంటే మధ్యలో చెంచా పడేసి లేచిపోతాడు. వాడు తిన్నాడో లేదో కనిపెట్టే మొనగాడు పుట్టలేదు. స్వేచ్ఛ అంటే అదండీ!

చెంచాకి శత్రువులు లేకపోలేదు. అన్నం వేడి ముందు వేళ్ళకి తెలియాలి, తర్వాతే నాలుకకి తెలియాలి, చెంచాతో తింటే నోరు కాలుతుంది అంటారు మా వీధిలో ముసలివాళ్ళు. కాలితే కాలనివ్వండి. నోరు కాలినవాడు కాసేపు మాట్లాడడు. ఊరికి అది ఎంత మేలు!

మొన్న బజారు చివర కొత్తగా కట్టిన పార్టీ ప్యాలెస్‌లో పెళ్ళి జరిగింది. అంతా బఫే, అంతా చెంచాలే. ఒక చేతిలో పళ్ళెం, ఒక చేతిలో చెంచా, చంకలో కోటు, భుజానికీ చెవికీ మధ్య ఫోను. పెళ్ళికొడుకు మేనమామ మేకమాంసపు ఎముకని చెంచాతో అదిమి లొంగదీయబోయాడు. ఎముక లొంగలేదు. ఎగిరి వెళ్ళి వియ్యంకుడిగారి ధాకా టోపీ మీద వాలింది. పువ్వుల టోపీ కదా, ఎవరూ పోల్చుకోలేదు. ఆయన ఆ ఎముకతోనే వధూవరులను ఆశీర్వదించి ఫొటో దిగారు. చేత్తో తినే పెళ్ళిలో ఇంత జ్ఞాపకం మిగులుతుందా?

కాఠ్‌మాండూలో మా బావమరిది ఒకడున్నాడు. వాడు సేల్ రోటీని ఫోర్కూ కత్తీ పెట్టి కోసుకు తింటాడు. అంత పెద్ద గాజులాంటి రొట్టెని మధ్యలో పట్టుకుని తుంచుకోవడానికేగా దేవుడు ఆ చిల్లు పెట్టింది అని వాళ్ళావిడ అడిగితే, చిల్లు ఉన్నది ఫోర్కు పెట్టడానికి అన్నాడట. ఆధునికుడంటే వాడే.

ఇక మా ఇంటి సంగతి చెప్పకపోతే నేను ఇతరులకి నీతులు చెప్పేవాణ్ణి అవుతాను. మా ఇంట్లో చెంచా రాజ్యమే. పొయ్యి మీద గిన్నెలుంటాయి, ఎవరి వేళకి వాళ్ళు వచ్చి పెట్టుకుంటారు. మా ఆవిడ ఫోనులో సీరియల్ ముందు, మా అబ్బాయి గదిలో ఆట ముందు, కోడలు మెట్ల మీద పుట్టింటివాళ్ళతో వీడియోలో. ఎక్కడా చప్పుడుండదు. చెంచాలు కంచాలకి తగిలే టకటక తప్ప ఇంకో శబ్దం వినబడదు. పోయిన నెలలో నాకు జ్వరం వచ్చి రెండు పూటలు తినలేదు. ఏమండీ తినలేదేం అని ఒక్కరూ నన్ను విసిగించలేదు. వ్యక్తి స్వేచ్ఛకి మా ఇంట్లో అంత గౌరవం!

ఇంత మంచి చెంచాని, ఇంత శాంతమూర్తిని, మా వీధిలోనే ఒక ముసలావిడ ఎంత దారుణంగా దెబ్బతీసిందో చెబుతాను. వినండి.

మా ఇంటికి రెండిళ్ళ అవతల పంథీవారి ఇల్లు. పెద్దవాడు ఖిమానంద్ బజారులో కరువాలు అమ్ముతాడు. కరువా అంటే ఇత్తడి కొమ్ముచెంబు, దానికి మా ఊరు పెట్టింది పేరు. ఖిమానంద్ దుకాణంలో బోణీ అయ్యేది దానితోనే, బతుకు గడిచేదీ దానితోనే. చిన్నవాడు హోమనాథ్ సహకార సంఘంలో గుమాస్తా. అన్నగారిని నోరారా 'దాయి' అని పిలిచేవాడు, అన్న గీసిన గీత దాటేవాడు కాదు. ఇద్దరికీ పెళ్ళిళ్ళయినా పొయ్యి ఒక్కటే. ఆ పొయ్యికి యజమానురాలు వాళ్ళమ్మ. వీధి వీధంతా ఆవిణ్ణి ఆమా అనే పిలుస్తుంది.

ఆ ఇంట్లో అందరూ చేత్తోనే తింటారు. ఎంగిలి పట్టింపు ఎక్కువ. మోకాళ్ళు పట్టేశాక ఆమా ఒక పద్ధతి పెట్టింది. అందరూ నేల మీద పీటలు వేసుకుని కూర్చోవాలి. ఒక పూట పెద్ద దంపతులలో ఒకరు, ఒక పూట చిన్న దంపతులలో ఒకరు చేతులు కడుక్కుని వడ్డించి, ఆఖర్న తినాలి. ఒకసారి పీట మీంచి లేచినవాడు మళ్ళీ ఆ పళ్ళెం ముందు కూర్చోకూడదు. ఈ చివరిది మాత్రం ఆమా మామగారి కాలంనుంచీ ఉన్న రివాజు.

బాగానే గడుస్తోంది. వానాకాలంలో ఒకరోజు హోమనాథ్ పోఖరా వెళ్ళి వస్తూ ఒక నీలం రంగు ప్లాస్టిక్ జగ్గు తెచ్చాడు. మూత, పిడి, దానికి సరిపడే గ్లాసులు. తెచ్చినవాడు ఊరుకున్నాడా? ఇంట్లో ఇంకెక్కడా చోటు లేనట్టు సరిగ్గా ఇత్తడి కొమ్ముచెంబు పక్కనే పెట్టాడు!

కొమ్ముచెంబులు అమ్ముకునేవాడి ఇంట్లో ప్లాస్టిక్ జగ్గు! ఖిమానంద్‌కి అన్నం సహించలేదు. "రేపు బజారులో ఎవడైనా, నీ తమ్ముడే నీ చెంబుతో నీళ్ళు తాగడు, మేమెందుకు కొనాలయ్యా అంటే ఏం చెప్పమంటావు?" అని అడిగాడు.

"చెంబు బరువెత్తలేక నీ మరదలు నిర్జల మణికట్టు వాచిపోయింది దాయి. నీ బేరం కోసం ఇంటిల్లిపాదీ చేతులు విరగ్గొట్టుకోవాలా?" అన్నాడు తమ్ముడు.

మాటకి మాట పెరిగింది. పెళ్ళాం మాట వినే మగవాళ్ళ గురించి అన్న ఏదో అన్నాడు. తమ్ముడు పాతచెంబు బుర్రల గురించి ఏదో అన్నాడు. అంతే, ఇద్దరూ నోళ్ళు కట్టేసుకున్నారు. కోడళ్ళిద్దరూ మాత్రం ఎప్పట్లానే మాట్లాడుకుంటూ, మొగుళ్ళ మీద చెరొక చాడీ చెప్పుకుంటూ హాయిగా ఉన్నారు.

చిక్కు వచ్చిందల్లా భోజనాల దగ్గర. తమ్ముడు వడ్డించే పూట అన్న పప్పు అడగాలి. అన్న వడ్డించే పూట తమ్ముడు ఉప్పు అడగాలి. మాట్లాడకపోతే ఎలా అడుగుతారు? ఒక పూట ఖిమానంద్ ఒట్టి అన్నం నమిలి లేచాడు. మర్నాడు హోమనాథ్ ఉప్పులేని కూర తిని లేచాడు. ఇలాగే సాగితే వారం తిరక్కుండా ఎవరో ఒకరు ఉప్పు కోసం నోరు తెరిచేవారు. పోట్లాట అక్కడితో చచ్చేది.

ఒక పోట్లాట అలా అర్ధాంతరంగా చచ్చిపోతుంటే చూస్తూ ఊరుకుంటానా? స్టీలు చెంచాల పెట్టె ఒకటి కొని వాళ్ళింటికి కానుకగా పట్టుకెళ్ళాను. ఇక ఎవరి చెయ్యీ ఎంగిలి కాదు, ఎవరిది వాళ్ళు వడ్డించుకోండి, ఒకరి మొహం ఒకరు చూడనక్కర్లేదు అని బోధించాను. అన్నదమ్ములిద్దరూ నన్ను దేవుణ్ణి చూసినట్టు చూశారు. ఆమా మాత్రం చెంచా ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "దీంతో వీపు గోక్కోవచ్చా బాబూ?" అంది. పల్లెటూరి మనిషి, పాపం.

చెంచా మహిమ చూడండి! పోట్లాట పుంజుకుంది. దసైన్, అంటే దసరా పండక్కి అన్న ఆచారం తప్పకుండా తమ్ముడి నుదుట టీకా పెట్టాడు, ఆశీర్వచనం చదివాడు, ఆ పైన ఒక్క మాట ఆడలేదు. తిహార్ దీపావళికి దీపాలు కూడా మెట్టుకి ఆ పక్కన ఒకరు, ఈ పక్కన ఒకరు పెట్టారు. చలి మొదలయ్యేసరికి ఇంట్లో పొయ్యి వేరు పెట్టుకునే మాట వచ్చింది. మంసిర్, అంటే మార్గశిర మాసంలో రోజు కూడా చూసుకున్నారు. హోమనాథ్ వెనకవైపు గదిలో కొత్త పొయ్యికి మట్టి తెప్పించాడు.

పొయ్యి వేరైతే ఇక ఇల్లు వేరైనట్టే. ఆ సంగతి అందరికీ తెలుసు. ఖిమానంద్‌కి మరీ తెలుసు. తండ్రి పోయిన ఏడు తమ్ముడు ఇంతవాడు. ఒక్కడే కూర్చుని తినేవాడు కాదు, అన్న ముద్ద చేసి నోట్లో పెడితేనే మింగేవాడు. ఆ వేళ్ళు ఖిమానంద్‌వే. ఇప్పుడు ఆ వేళ్ళతోనే దుకాణంలో కూర్చుని తుడిచిన చెంబునే మళ్ళీ తుడుస్తున్నాడు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదని భార్య దుర్పతాతో కూడా చెప్పలేదు. వద్దు, కలిసే ఉందాం అని తమ్ముడితో ఒక్క మాట అంటే చాలు. కానీ ఎలా అంటాడు? చేతిలో చెంచా ఉందాయె. ఆ మాట అనక తప్పని అవసరం ఎక్కడొచ్చింది?

నేను ఎంత తృప్తిగా ఉన్నానో వేరే చెప్పాలా? ఆ ఉత్సాహంలోనే చెంచా దినోత్సవం తలపెట్టాను. బడి హాలు అడిగి తీసుకున్నాను. ఉచిత భోజనం అని చాటించాను. తీరా చూస్తే చెంచాలు చాలవు! పార్టీ ప్యాలెస్‌వాళ్ళు ఇచ్చేది లేదన్నారు. మా ఇంట్లోవాళ్ళు, మరి మేం దేంతో తింటాం అన్నారు. ఇక దిక్కు పంథీవారే. దినోత్సవానికి ముందురోజు రాత్రి, వాళ్ళ భోజనాలయ్యాక వెళ్ళి ఆమాని అడిగాను.

ఆ మర్నాడే వాళ్ళింట్లో పొయ్యి వేరు పెట్టే రోజు. నేను అనుమానించవలసింది. ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత ఆ మోకాళ్ళతోనే లేచి వంటింట్లోకి వెళ్ళి చెంచాలన్నీ మూట కట్టి తెచ్చింది.

"అన్నీ పట్టుకుపో బాబూ. ఉప్పు డబ్బాలోది కూడా వేశాను," అంది. అంతటితో ఆగలేదు. కోడళ్ళిద్దర్నీ పిలిచి, రేపు పొద్దున్నే మీరూ మీటింగుకి వెళ్ళి చెంచా విద్య నేర్చుకుని రండి, సాయంత్రం దాకా రాకపోయినా ఫర్వాలేదు అని చెప్పింది. నాకు కళ్ళు చెమర్చాయి. ముసలావిడలో ఇంత మార్పా అనుకున్నాను!

మర్నాడు పొద్దున వాళ్ళింట్లో జరిగింది తర్వాత తల్లీకొడుకులు ముగ్గురూ విడివిడిగా నాకు చెప్పారు. ముగ్గురి మాటా ఒక్కటే కాబట్టి నమ్మక తప్పదు.

తాన్‌సేన్ కింద లోయంతా పొగమంచుతో నిండి ఉంది, ఎండ ఇంకా గట్టిగా రాలేదు. ఖిమానంద్ దుకాణం తెరవడానికి ముందు అన్నానికి వచ్చి కూర్చున్నాడు. హోమనాథ్ కూడా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. రోజూలా అన్నం కాదు, పళ్ళేల్లో ధిండో ఉంది. మొక్కజొన్న పిండి సంకటి. పొగలు కక్కుతోంది. పక్కన కాసిని గుంద్రుక్ నీళ్ళు, అంటే ఊరబెట్టి ఎండబెట్టిన ఆకుకూర పులుసు. పులుసు గిన్నె ముగ్గురి మధ్యలో ఉంది.

ఖిమానంద్ పళ్ళెం పక్కన తడిమాడు. "చెంచాలేవీ?" అని గోడని అడిగాడు.

"మీటింగుకి వెళ్ళాయి," అంది ఆమా.

ధిండో సంగతి మీకు తెలిసిందే. వేడి మీద వెన్న, చల్లారితే రాయి. కొత్త పొయ్యి పెట్టే పూట ఆకలితో ఉండకూడదని ఆమా ముందే అంది. ఆవిడే ముందుగా వేళ్ళు ముంచింది. చేసేదిలేక అన్న వేళ్ళు పెట్టాడు. తమ్ముడూ పెట్టాడు. ఎన్నాళ్ళ తర్వాతో వేళ్ళకి అంటిన వెచ్చదనం, ఇద్దరూ ఒక్క క్షణం వేళ్ళు అక్కడే ఉంచి, ముద్ద తుంచుకున్నారు. ముగ్గురి కుడిచేతులూ ఎంగిలి అయిపోయాయి.

అప్పుడు ఆమా తాపీగా అంది, "పులుసు తక్కువ పోశాను. కావాలంటే గిన్నెలో ఉంది. ఎంగిలి చేత్తో మాత్రం ముట్టుకోకండి. ముట్టుకుంటే నేనింక తినను."

అంటే ఏమిటి? గిన్నె ఎదురుగా ఉంది, ముట్టుకునేవాడు లేడు! ఎవరో ఒకరు లేచి చెయ్యి కడుక్కుని వడ్డించాలి. లేచినవాడి పళ్ళెం అక్కడితో సరి. ముసలావిడ కుట్ర చూశారా? ఇలాంటివాళ్ళుండబట్టే దేశం బాగుపడటం లేదు.

ధిండో నమిలేది కాదు, పులుసులో ముంచి మింగేది. పళ్ళెంలో పులుసు ఇట్టే అయిపోయింది. ఖిమానంద్ అడగలేదు. అడిగేకంటే ఎండుముద్ద మింగడం మేలనుకుని మింగాడు. అది గొంతులో సగం దిగి కూర్చుంది. పైకి రాదు, కిందకి పోదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొహం కందిపోయింది.

నీళ్ళు దూరంగా లేవు. ఎడంచెయ్యి చాస్తే అందే చోట నీలం జగ్గు ఉంది, పక్కనే గ్లాసూ ఉంది. ఖిమానంద్ ఆ జగ్గుకేసి చూశాడు. చూసి, మొహం అటు తిప్పుకున్నాడు. ప్రాణం పోయినా సరే ఆ ప్లాస్టిక్ నీళ్ళు తాగనని అప్పటికప్పుడు ఒట్టు పెట్టుకున్నాడట. ఆ మాట నాతో చెప్పేటప్పుడు కూడా గర్వంగానే చెప్పాడు.

హోమనాథ్ అది చూశాడు. ఎదురుగా కూర్చుని తింటున్నవాడికి ఎదుటివాడి గొంతు కనబడకేం? అన్న జగ్గుని చూడటమూ చూశాడు, మొహం తిప్పుకోవడమూ చూశాడు. తన పళ్ళెంలో ధిండో సగం కూడా తినలేదు. లేచాడు. వాకిట్లోకి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు. తను తెచ్చిన జగ్గుని దాటుకుని వెళ్ళి అరుగు మీదున్న ఇత్తడి కొమ్ముచెంబు రెండు చేతులా ఎత్తి తెచ్చాడు. అన్న తల పైకెత్తాడు. తమ్ముడు కొమ్ములోంచి సన్నటి ధార నోట్లోకి పోశాడు. చెంబు పెదవికి తగలకుండా, చుక్క కింద పడకుండా పోశాడు. అది వాళ్ళ నాన్న ఒడుపు, తమ్ముడికి నేర్పింది అన్నే.

ముద్ద దిగింది. ఖిమానంద్ ఊపిరి పీల్చుకున్నాడు.

హోమనాథ్ అక్కడే గొంతుక్కూర్చున్నాడు, చేతిలో గరిటె ఉంది. ఇక అడగక తప్పదు. "గుంద్రుక్ పోయనా దాయి?" అన్నాడు.

వద్దు అందామనే అనుకున్నాడు ఖిమానంద్. వానాకాలంనుంచీ ఆ ఒక్క పిలుపు కోసం ఎదురుచూస్తున్న మనిషికి వద్దనే మాట నోటికి రాలేదు. "కొంచెం పొయ్యరా," అన్నాడు. పోశాడు. "అడుగున ఆకులుంటాయి చూడు," అన్నాడు. తమ్ముడు గరిటె అడుగుకంటా దించి ఆకులు ఏరి వేశాడు.

ఖిమానంద్ గబగబా తిన్నాడు. తింటున్నంతసేపూ ఎదుటి పళ్ళెంలో గట్టిపడుతున్న సగం ధిండో కేసే చూస్తున్నాడు. తినడం అవ్వగానే లేచి చెయ్యి కడుక్కుని వచ్చి, ఇంకో పళ్ళెం తీసి, పొయ్యి మీది గిన్నెలోంచి వేడి ధిండో పెట్టాడు.

"కూర్చో. నేను వడ్డిస్తాను."

"లేచినవాడు మళ్ళీ కూర్చోకూడదు దాయి. ఆమా ఒప్పుకోదు."

"ఎవరు లేచారు? నేను చూడలేదే," అంది ఆమా. "నా కళ్ళజోడు లోపలుంది."

హోమనాథ్ కూర్చున్నాడు. అన్న పులుసు పోశాడు, ఇంకా పోశాడు, చాలంటే వినకుండా పోశాడు. తర్వాత నీళ్ళు పోద్దామని కొమ్ముచెంబు ఎత్తాడు. దుకాణంలో రోజుకి ఎన్నో చెంబులు ఎత్తే మనిషే, కానీ అవన్నీ ఖాళీ చెంబులు. నిండు చెంబు వంచి ఒకరి నోట్లో ధార పోసి ఎన్నేళ్ళయిందో. మణికట్టు వణికింది. నీళ్ళు తమ్ముడి ముక్కు మీద పడ్డాయి.

ఖిమానంద్ చెంబు కింద పెట్టి చెయ్యి విదిలించుకున్నాడు. "బరువుగానే ఉందిరా," అన్నాడు.

హోమనాథ్ మొహం తుడుచుకున్నాడు.

"చిన్న సైజుది ఒకటి పోత పోయిస్తాను నిర్జలకి. అంతదాకా ఆ జగ్గు వాడుకోనీ. అక్కడ కాదు, కాస్త పక్కకి పెట్టు," అన్నాడు ఖిమానంద్.

అంతేనండీ. నా సంఘం కష్టపడి పెంచి పోషించిన పోట్లాట ఒక గరిటె పులుసుకి హతమైపోయింది!

నేను బడి హాలులో చెంచా మీద ఉపన్యాసం ముగించేసరికి మధ్యాహ్నం అయింది. జనం బాగానే వచ్చారు. ఉపన్యాసం విన్నారు, చెంచాలు అందుకున్నారు, చెంచాలు పక్కన పెట్టి సుబ్బరంగా చేత్తో తిని వెళ్ళిపోయారు. వాళ్ళ అజ్ఞానానికి జాలిపడుతూ, చెంచాలు మూట కట్టుకుని పంథీవారింటికి వెళ్ళాను.

వెళ్ళేసరికి ఏముంది? కొత్త పొయ్యికని తెప్పించిన మట్టితో అన్నదమ్ములిద్దరూ మోచేతులదాకా బురద పూసుకుని పాత పొయ్యినే పెద్దది చేస్తున్నారు. పొయ్యి ఒక పక్కకి వంగిందని ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. నన్ను చూసి ఇద్దరూ ఒకేసారి పలకరించారు. ఇంతకంటే అవమానం ఏముంటుంది?

మూట అక్కడ పెట్టి వెళ్ళిపోదామనుకున్నాను. ఆమా వెళ్ళనివ్వలేదు. పీట చూపించింది. నేను జేబులోంచి నా సొంత చెంచా తీశాను. ఆవిడ దాన్ని నా చేతిలోంచి తీసుకుని, ఎంతో మర్యాదగా తన కొంగుకి ముడేసుకుంది. పళ్ళెంలో అన్నం పెట్టింది, పప్పు పోసింది. ఇక గత్యంతరం లేక, కేవలం పరిశోధన నిమిత్తం, వేళ్ళు పెట్టాను.

జేబులో ఫోను మోగింది. తీయడానికి వీల్లేదు. మోగి మోగి ఊరుకుంది.

ఆమా నా పళ్ళెంలోకి తొంగిచూసింది. ఆ తర్వాత నా మొహంలోకి చూసింది. "చిక్కిపోయావేం బాబూ? మధ్యలో జ్వరంగానీ వచ్చిందా?" అంది.

పాఠకులారా, ఆ పప్పులో కారం ఎక్కువైంది. అందుకే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకో కారణం ఏదీ లేదు. జ్వరం వచ్చింది ఆమా, రెండు పూటలు తినలేదు అని చెప్పాను. ఇంకొంచెం వెయ్యనా అంది. వద్దన్నాను. వేసింది. మళ్ళీ వద్దన్నాను. మళ్ళీ వేసింది. పరిశోధన కాబట్టి నేనూ ఎక్కువ అడ్డు చెప్పలేదు.

నా సిద్ధాంతంలో మార్పేమీ లేదని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. చెంచా గొప్పదే. అయితే సంఘం పని కాస్త నెమ్మదించింది. మా ఇంట్లో మిగిలిన చెంచాలన్నీ ఉచితంగా పంచిపెట్టదలిచాను. ఎవరు అడిగినా ఇస్తాను, ఎన్నడిగినా ఇస్తాను. కావలసినవాళ్ళు భోజనాల వేళకే రండి. మా ఇంట్లోవాళ్ళు ఫోన్లలో ఉంటారు, వాళ్ళేమీ అనుకోరు. వచ్చి, చేతులు కడుక్కుని, నా పక్కన కూర్చోండి. నేను వడ్డిస్తాను. నా వంతు వచ్చినప్పుడు ఒక్క మాట మీరు నన్ను అడిగితే చాలు, ఇంకొంచెం వెయ్యనా అని.